ఎడమ గూట్లో దీపం

మన రాతలమ్మని కిందటి వారం ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? కోట ఊళ్లో, అతిథి గృహం మేడ మీద గదిలో, మంచం అంచున, తను రాసిన నవలని తన ఒళ్లోనే పెట్టుకుని చివరి పేజీ కోసం వెతుకుతుంటే వదిలేశాం. ఆ పేజీ లేదు. "ఇందులో కోట నిజం, ముట్టడి నిజం. తాళాలమ్మ, దీపాలవాడు, ఆ రాత్రి జరిగినదంతా నా కల్పన" అని తను శ్రద్ధగా రాసిచ్చిన మనవి అది. ఎన్నో ముద్రణలు పొందిన పుస్తకంలో ఆ మనవి లేదన్న సంగతి రాసినావిడకే తెలియదంటే నమ్ముతారా? నమ్మాలి. రాసేవాళ్లు అచ్చయిన తమ పుస్తకాన్ని మళ్లీ తెరవరు. తప్పులు కనబడతాయని భయం.

కిటికీ అవతల మైదానం, మైదానం మధ్యలో ముసుగు కప్పిన విగ్రహం. ముసుగులో ఉన్నది తాళాలమ్మే. ప్రాణం పోతున్నా కోట తాళాల గుత్తి వదలని మహాతల్లి. పుట్టింది మాత్రం మన రాతలమ్మ వంటింటి బల్ల మీద. కొద్దిసేపట్లో ముసుగు తీస్తారు. తీయవలసింది ముఖ్య అతిథి, అంటే ఈవిడే.

రాతలమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. గిన్నెలు తోముతూ కూడా తడి చేత్తో ఏదో ఒకటి రాసుకుంటుందని ఆడపడుచు వెక్కిరింపుగా పెట్టిన పేరు. పుస్తకాలు జనంలోకి వెళ్లాక అదే ముద్దుపేరైంది. భర్తకి అచ్చాయన అని పేరు పెట్టింది కూడా ఆ ఆడపడుచే. ఏ ప్రచురణ సంస్థా తలుపు తీయకపోతే, "మన పుస్తకం మనమే వేసుకుందాం, ఒకరి గడ్డం పట్టుకునేదేంటి" అని ఉన్న ఉద్యోగం మానేసిన మనిషి. ఆవిడ చేత్తో రాస్తుంది. ఈయన టైపు చేస్తాడు, పేజీలు అమరుస్తాడు, ప్రెస్సు చుట్టూ తిరుగుతాడు, పార్సిళ్లు కడతాడు. ఇంట్లో మంచం కింద పుస్తకాలు, బీరువా మీద పుస్తకాలు. చుట్టాలొస్తే కూర్చోబెట్టేది కూడా పుస్తకాల కట్టల మీదే.

ఆ అచ్చాయన రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో, తలుపుని భుజంతో తోసుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏమండీ, ఇందులో నా మనవి ఏది?"

"ఏ మనవి?"

"చివరి పేజీ. ఏది నిజమో ఏది కాదో రాసిచ్చానే, అది."

అచ్చాయన గ్లాసులు కిటికీ అంచున పెట్టాడు. ఒకటి సరిగ్గా కుదరలేదన్నట్టు మళ్లీ తీసి మళ్లీ పెట్టాడు. ఆవిడ చూస్తూనే ఉంది.

"అదా... అది తీసేయాల్సొచ్చింది. పదహారు పేజీలు కలిపి ఒక ఫారం, నీకు తెలిసిందేగా. నవల సరిగ్గా ఫారంతో సరిపోయింది. నీ మనవి ఒక్కటే పైకి పడింది. దాని కోసం ఇంకో ఫారం ఎక్కిస్తే మిగతా పదిహేను పేజీలూ తెల్లగా పోతాయి. అన్ని ఖాళీ పేజీలు చూస్తే జనం నవ్వరూ?"

"నాతో ఒక్క మాట చెప్పచ్చుగా."

"నువ్వప్పుడు రెండో భాగంలో పీకల్లోతు మునిగున్నావు. పలకరిస్తే కరిచేలా ఉన్నావు. నేనెక్కడ చెప్పేది?"

అది నిజం కావడమే రాతలమ్మకి ఒళ్లు మండించింది. రాసేటప్పుడు ఆమెకి మూడొందల ఏళ్ల కిందటి మనుషులు కనబడతారు గానీ, ఎదురుగా నిలబడ్డ మొగుడు కనబడడు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

"పోనీ, ఇవాళ చెప్పేస్తాను. మైకు నా చేతికే ఇస్తారుగా."

"ఏమని చెప్తావు? ఈ విగ్రహంలో ఉన్నావిడ అసలు పుట్టనే లేదనా? బడిపిల్లలు ఆవిడ మీద పాట నేర్చుకుని కింద వరసగా కూర్చున్నారు. ఆ మాటంటే మనం ఇక్కణ్నుంచి మన కాళ్ల మీద నడిచి వెళ్తామనుకుంటున్నావా?"

"రేపు ఎవరైనా ఆధారం అడిగితే?"

"చూపిస్తాం. ఆధారాలదేముంది, ఓపిగ్గా వెతికితే అవే దొరుకుతాయి. నువ్వు కంగారు పడకు, టీ తాగు."

ఆ మాట అప్పుడు రాతలమ్మ చెవిన పడింది గానీ మనసున పడలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కిటికీకి ఇనప ఊచలు. కింద కుర్చీలు, మైకువాడు, పాటల పిల్లలు. గదిలోంచి కిందికి ఉన్నవి ఒకటే మెట్లు. ఆ మెట్ల మొదట్లో కమిటీ అధ్యక్షుడు కుర్చీ వేసుకుని పహరా కూర్చున్నాడు. పాపం, ఆయన ఉద్దేశం మర్యాదే. ఈవిడ గది బయట కాలు పెడితే చాలు, "అమ్మగారూ, ఏమైనా కావాలా? మీరు రాకండి, నేనే పంపిస్తాను" అంటాడు. పొద్దున్నించి ఆ మర్యాదలు పడలేక ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. తను కల్పించిన కోటలో తననే పెట్టి తాళం వేశారనిపించింది.

ఎందుకిలా అయిందని మనసు వెనక్కి వెళ్లింది. చరిత్ర చెప్పేది ఒకే ఒక్క ముక్క. కోట ఒక రాత్రి ఉత్తర ద్వారం గుండా పడిపోయింది. ఎలా పడిందో ఎవరూ రాసి పెట్టలేదు. చరిత్ర నోరు మూసుకున్న చోట రాతలమ్మకి ఒక అలవాటుంది. ఆ ఘట్టాన్ని రెండు మూడు రకాలుగా రాసి చూస్తుంది. ఏది నిజమనిపిస్తే అది ఉంచి మిగతావి చించేస్తుంది. ఆ రాత్రిని మొదట ఇలా రాసింది: ద్వారం దగ్గర దీపాలు చూసేవాడు, కుడి గూట్లో దీపాన్ని తీసి ఎడమ గూట్లో పెట్టాడు. అదే శత్రువుకి సైగ. పెట్టేటప్పుడు చిటికెన వేలు కాలితే, అరిస్తే కాపలావాళ్లు వింటారని వేలు నోట్లో పెట్టుకున్నాడు. ఆ వేలు ముచ్చట ఎక్కణ్నుంచి వచ్చిందంటే, ఆ పొద్దున రాతలమ్మే పొయ్యి మీంచి టీ గిన్నె దించుతూ వేలు కాల్చుకుంది. మచ్చ ఇంకా ఉంది.

అచ్చాయన అది టైపు చేసి పెదవి విరిచాడు. "దీపం పక్కకి జరిపితే ఎవడికి ఝల్లుమంటుందోయ్? ఆర్పేయించు. ఒక్కసారిగా చీకటి. అప్పుడు చూడు." ఆయన మాట నిజమే. ఆవిడ ఆ కాగితాలు చించేసి దీపం ఆర్పించింది. అచ్చయింది అదే, జనం గుండెలు ఝల్లుమన్నదీ దానికే. ఆ మొదటి రాత ఈ లోకంలో చదివింది ఆయనొక్కడే.

తలుపు చప్పుడైంది. అధ్యక్షుడి మర్యాద మళ్లీ వచ్చిందనుకుని రాతలమ్మ విసుగ్గా తిరిగింది. కానీ లోపలికొచ్చింది ఒక నడివయసు స్త్రీ. చేతిసంచీ ఛాతీకి గట్టిగా అదుముకుని ఉంది.

"నమస్కారమండీ. నేను ఇక్కడి బళ్లో లెక్కలు చెప్తాను. మా నాన్నగారిని పక్క గదిలో కూర్చోబెట్టాను, ఎండలో ఉండలేరని. మాది ఉత్తర ద్వారం పక్కిల్లు. ఈ ఊళ్లో దాన్ని దీపాలవారిల్లు అంటారు."

రాతలమ్మ కిటికీ ఊచ పట్టుకుంది. ఈ ఊరికి ఆమె రావడం ఇదే మొదటిసారి. నవలంతా గ్రంథాలయంలో పాత పటాలు ముందేసుకుని రాసింది. అచ్చాయన మాత్రం ఈమధ్యే కొత్త ముద్రణ అట్ట మీదికి కోట ఫోటో కావాలని వచ్చి వెళ్లాడు. దీపాలవారనే ఇల్లొకటి ఉందని, అందులో మనుషులున్నారని ఆమెకి ఎవరు చెప్పారు?

"మీతో గొడవకి రాలేదండీ," అంది టీచరు. "ఒక్కటే అడగాలని వచ్చాను. మా వంశంలో ఒకడు కోట పట్టించేశాడని మీకెక్కడ దొరికింది?"

"ముఖ్య అతిథిని సభకి ముందు ఇలా ఇబ్బంది పెడితే ఎలాగమ్మా," అని అచ్చాయన అడ్డొచ్చాడు. "సభ అయ్యాక తీరిగ్గా..."

"సభ అయ్యాక నాకు అక్కర్లేదండీ." టీచరు ఆయన వైపు చూడను కూడా చూడలేదు. "మీ పుస్తకం వచ్చినప్పటి నుంచీ నేను బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక నుంచి పిల్లలు ఉఫ్ మని ఊదుతారు. దీపం ఆర్పినట్టు. పిల్లలు కదా, నవ్వేసి ఊరుకున్నాను. మా నాన్న నవ్వలేదు. గడియారాలు బాగుచేసేవాడు, చూపు తగ్గాక పని మానేశాడు. నేను బడికెళ్తే పొద్దస్తమానం ఒక్కడే ఉంటాడు. తోచక ఉంటాడని మీ పుస్తకం నేనే చదివి వినిపించాను. నా బుద్ధి గడ్డి తిని. అప్పట్నుంచీ మనిషి మనిషి కాదు. రాసినవాళ్లు ఊరికే రాస్తారా అంటాడు. మనవాడి వల్ల అంతమంది చచ్చిపోయారు కదమ్మా అంటాడు. ఇవాళ ఆ విగ్రహం ముందు, ఊరందరూ చూస్తుండగా, వంశం తరఫున క్షమాపణ చెప్పుకుంటాడట. కమిటీవాళ్లు ఎగిరి గంతేసి కార్యక్రమంలో పెట్టేశారు."

రాతలమ్మ మంచం మీద కూలబడింది. ఇన్నాళ్లూ ఆమెకి పాఠకులంటే పొగిడేవాళ్లు, ఫోన్లు చేసి ఏడిచేవాళ్లు. తను రాసిన అబద్ధాన్ని ఇంట్లో పెట్టుకుని కుమిలిపోయే మనిషి ఒకడు ఉంటాడని ఏనాడూ ఊహించలేదు. సిగ్గేసింది. అక్కణ్నుంచి మాయమైపోవాలనిపించింది. మాయమవడానికి మాత్రం దారి లేదు. ఒకవైపు ఊచలు, ఒకవైపు అధ్యక్షుడు.

"ఎక్కడా దొరకలేదమ్మా," అంది చివరికి. "నేనే అల్లాను."

వెనక అచ్చాయన గట్టిగా దగ్గాడు. ఆవిడ ఆగలేదు.

"కోట ఎలా పడిందో ఎవరికీ తెలియదు. కథలో ఎవరో ఒకరు పట్టించాలి. అంతే."

టీచరు ఛాతీకి అదుముకున్న సంచీని కిందికి దించింది. తర్వాత మెల్లిగా అడిగింది. "దీపాలవాడే ఎందుకండీ? వంటవాడు పనికిరాలేదా?"

"చీకట్లో సైగ చెయ్యాలంటే చేతిలో వెలుగుండాలి కదా అని..."

"అందుకా?"

"అందుకే."

అందుకే అన్న ఆ చిన్న మాట తన నోట్లోంచి వస్తుంటే రాతలమ్మకి తన మీద తనకే అసహ్యం వేసింది. టీచరు కళ్లు తుడుచుకోలేదు, కేకలు వేయలేదు. సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఊరికి మీరు చెప్తారో చెప్పరో మీ ఇష్టం. నేను బలవంతం చేయను. మా నాన్న కిందికి దిగకముందు ఆయనకి మాత్రం ఈ మాట చెప్పండి. చెయ్యని పాపానికి ఆయన తల వంచకూడదు. నాకు అంతకన్నా ఏమీ వద్దు."

"పదండి," అని రాతలమ్మ లేచింది.

అచ్చాయన తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "నా మాట విను. ఆయన పెద్దవాడు, ఇప్పుడు ఇదంతా చెప్తే తట్టుకోలేడు. వద్దు. ఆయన్ని ఇందులోకి లాగకు."

"ఆయన్ని లాగింది నేనేనండీ. తప్పుకోండి."

పెళ్లయినప్పటి నుంచి ఆవిడ ఆయనతో ఆ గొంతుతో మాట్లాడలేదు. ఆయన తప్పుకున్నాడు. కానీ వెంటే వచ్చాడు. పక్క గది గడప దగ్గర ఆగిపోయి, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

లోపల పెద్దాయన ఇస్త్రీ బట్టల్లో నిటారుగా కూర్చుని ఉన్నాడు. మోకాలి మీద ఒక పాత చేతి గడియారం. చూపు ఎటో ఉన్నా వేళ్లు మాత్రం దాని మరని మెల్లిగా తిప్పుతున్నాయి.

"నాన్నా, రచయిత్రి గారు వచ్చారు. నీతో మాట్లాడాలట."

ఆయన గబుక్కున లేవబోయాడు. రాతలమ్మ చేయి పట్టుకుని కూర్చోబెట్టి, తను ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తాళాలమ్మని మళ్లీ బతికించావు తల్లీ," అన్నాడాయన. "నీ చేత్తో ఆ ముసుగు తీస్తుంటే నేను పక్కనుండాలి. అదే నా కోరిక."

"నేనొక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. తాళాలమ్మ లేదండీ. దీపాలవాడూ లేడు. అంతా నేను కూర్చుని కల్పించి రాసింది. మీవాళ్లెవరూ ఏ తప్పూ చెయ్యలేదు. మీరు ఎవరికీ క్షమాపణ చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది నేను, మీకు."

చెప్పేసింది. గుండెల మీంచి బరువు దిగిందనుకుంది. టీచరు తండ్రి మొహంలోకి ఆశగా చూసింది.

పెద్దాయన నవ్వాడు. పసిపిల్ల ఏదో దాచిపెట్టి లేదంటుంటే పెద్దవాళ్లు నవ్వే నవ్వు.

"మంచి మనసమ్మా నీది. నలుగురిలో నా పరువు పోతుందని నాకోసం అబద్ధం ఆడుతున్నావు. వద్దు తల్లీ. నువ్వు రాసింది నిజమే. ఎలా కనిపెట్టావో గానీ, ఉన్నదున్నట్టు రాశావు. ఒక్క చోట తప్ప."

"ఎక్కడండీ?"

"మావాడు దీపం ఆర్పలేదు. ఆర్పితే కాపలావాళ్లకి వెంటనే తెలిసిపోదూ? కుడి గూట్లో దీపం తీసి ఎడమ గూట్లో పెట్టాడు. పెడుతుంటే పాపం చిటికెన వేలు కాలిందట. అరిస్తే వింటారని నోట్లో పెట్టుకున్నాడట. మా తాత చెప్పాడు."

రాతలమ్మకి కాసేపు ఏమీ వినబడలేదు. కింద మైకు, పిల్లల పాట, అన్నీ ఎక్కడో ఆగిపోయినట్టయింది. తన చేయి తనే చూసుకుంది. చిటికెన వేలి మీద మచ్చ. ఆ వేలు ఏ దీపాలవాడిదీ కాదు. తనది. తన వంటింట్లో, తన టీ గిన్నె దగ్గర కాలిన వేలు అది.

"నాన్నా, ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే?" అంది టీచరు.

"నాకు మాత్రం ఎక్కడ గుర్తుందమ్మా. మా తాత పోయేనాటికి నేను చిన్నవాణ్ని. అన్నీ మర్చిపోయాను. ఈమధ్యే ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి."

రాతలమ్మ మెల్లిగా తల తిప్పి గుమ్మం వైపు చూసింది. అచ్చాయన పైకప్పుకేసి చూస్తున్నాడు, అక్కడేదో అచ్చుతప్పు కనిపించినట్టు. వాగుడుకాయ అని చుట్టాలందరూ ఆడిపోసుకునే మనిషి. నలుగురున్న చోట క్షణం నోరు మూసుకోలేని మనిషి. ఈ గది గడప దగ్గరికి వచ్చినప్పటి నుంచి ఒక్క ముక్క మాట్లాడలేదు. కనీసం నమస్కారం అని కూడా అనలేదు. ఆవిడకి ఆ సంగతి ఇప్పుడే తట్టింది.

"ఏమండీ," అంది. "ఎంతసేపుంది సభకి?"

అచ్చాయన తన చేతి గడియారం ఎత్తి చూపించాడు.

"నాకిక్కణ్నుంచి కనబడటం లేదు. నోటితో చెప్పండి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. కళ్లతో బతిమాలాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఆ చూపు ఎప్పుడూ చూడలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అధ్యక్షుడు సగం మెట్లెక్కి, గుమ్మంలో ఆనుకున్న అచ్చాయన వీపు చూసి అక్కణ్నుంచే పిలిచాడు. "అయ్యా, మిమ్మల్నే. ముసుగు తీసే వేళైంది. పెద్దాయన్ని, అమ్మగారిని తీసుకొచ్చేస్తారా?"

అచ్చాయన కదల్లేదు.

"అయ్యా, వినపడుతోందా? పైకి రమ్మంటారా?"

ఇంక తప్పలేదు. అచ్చాయన మొహం అటు తిప్పుకుని, వీలైనంత చిన్న గొంతుతో అన్నాడు. "వచ్చేస్తున్నామండీ."

గడియారం మర తిప్పుతున్న పెద్దాయన వేళ్లు ఆగిపోయాయి. ఆ గొంతు వచ్చిన వైపుకి తల తిప్పాడు. మొహమంతా వెలిగిపోయింది. రెండు చేతులూ గుమ్మం వైపు చాచాడు.

"నువ్వా బాబూ? మా తాత కథలో మిగతాది కూడా గుర్తు తెప్పిస్తానని వెళ్లినవాడివి, మళ్లీ రాలేదేం?"